ఆ పార్టీలో మూడో మనిషిని మర్చిపోయారు

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం అనుబంధంలో రాజుల విందులు, బాల్ డాన్సుల మీద వేసిన వ్యాసం చదివాను. బొమ్మలు బాగున్నాయి. అందులో లండన్‌లో 1813 జులైలో జరిగిన పార్టీ ముచ్చట కూడా ఉంది కదా, జార్జ్ బ్రమ్మెల్ అనే షోకిల్లా రాయుడు ప్రిన్స్ రీజెంట్ (అంటే రాజుకి బదులు రాజ్యం చూసే యువరాజు) ఎదురుగానే "ఎవరా లావుపాటి మనిషి" అని అడిగేశాడని, ఆహా ఏం దమ్ము, ఏం పంచ్ అన్నట్టు రాశారు. దాని మీద నాకు కొంచెం అభ్యంతరం ఉంది, కొంచెం కాదులెండి చాలానే ఉంది. నేను గుంటూరులో సూట్లు కుట్టే టైలర్‌ని, ఈనాటి మగవాళ్ల సూటు ఎక్కడ మొదలైందా అని చదవడం మొదలుపెడితే ఈ బ్రమ్మెల్ దగ్గర ఆగకుండా ముందుకి పోలేం, కాబట్టి ఈయన నాకు బాగా పాత పరిచయం.

ముందు అసలు విషయం చెప్తాను. ఆ మాట బ్రమ్మెల్ రాజుని అడగలేదు, గాల్లోకీ అనలేదు. పక్కన నిలబడ్డ తన ఫ్రెండ్‌ని పేరు పెట్టి పిలిచి అడిగాడు, "అల్వాన్లీ, ఎవరయ్యా ఆ లావుపాటి నీ ఫ్రెండు?" అని. మీ వ్యాసంలో ఆ అల్వాన్లీ అనే పేరే లేదు. నా బాధంతా అదే.

కథ తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. బ్రమ్మెల్ పెద్ద వంశం వాడేమీ కాదు, వాళ్ల నాన్న ప్రధానమంత్రి లార్డ్ నార్త్ దగ్గర సెక్రటరీ, అంతే. పదహారేళ్లకి 10వ లైట్ డ్రాగూన్స్ అనే రెజిమెంట్‌లో చేరాడు, దానికి కల్నల్ ఎవరంటే వేల్స్ యువరాజు, తర్వాత ప్రిన్స్ రీజెంట్ అయి ఆ తర్వాత నాలుగో జార్జ్ రాజైంది ఈయనే. ఇద్దరికీ పదహారేళ్ల తేడా. అయినా స్నేహం ఎలా కుదిరిందంటే లండన్‌లో చెస్టర్‌ఫీల్డ్ వీధిలో బ్రమ్మెల్ అద్దం ముందు తయారవుతుంటే యువరాజు వచ్చి పక్కన కూర్చుని చూసేవాడట, గంటలు గంటలు.

ఏం చూసేవాడు అంటారా. మెడకి కట్టే తెల్ల గుడ్డ ఉంటుంది, క్రావాట్ అంటారు, అప్పటిదాకా అది మెత్తగా వేలాడిపోతుండేది, బ్రమ్మెల్ దానికి పలచగా గంజి పెట్టించాడు. అది మెడ చుట్టూ చుట్టి, తల పైకెత్తి, గడ్డాన్ని మెల్లమెల్లగా కిందికి దించుతూ మడతలు పడేలా చేసేవాడు. ఒక్క మడత వంకరగా పడ్డా ఆ గుడ్డ అవతల పడేసి కొత్తది తీసుకునేవాడు, మళ్లీ సర్దేవాడు కాదు. ఒకరోజు పనివాడు చేతినిండా నలిగిన గుడ్డలు మోసుకుపోతుంటే ఏంటయ్యా ఇవన్నీ అని ఎవరో అడిగితే "ఇవి మా ఫెయిల్యూర్స్ అండి" అన్నాడని చెప్పుకుంటారు. గంజి పెట్టిన గుడ్డ రెండోసారి మడత పడితే పాత గీత కనపడుతుంది, పంచె కట్టే ఎవరినైనా అడగండి చెప్తారు, కాబట్టి అది పిచ్చి కాదు, పని తెలిసినవాడి పద్ధతి. కోటు సంగతీ అంతే, జరీ లేదు, సెంటు లేదు, ముదురు నీలం రంగు గుడ్డ, మంచి కటింగ్, రోజూ స్నానం. జరీ ఉంటే కుట్టులో తప్పు దాని కింద దాక్కుంటుంది, లేకపోతే టైలర్ గుట్టంతా బయటే.

ఇక అసూయ ఎక్కడ మొదలైందో నా లెక్క ప్రకారం చెప్తాను. ఆ బాల్‌లో కాదు, టైలర్ షాపులో. అప్పట్లో ష్వైట్జర్ అని పేరున్న టైలర్ ఉండేవాడు, ఒక పెద్దమనిషి వచ్చి కోటుకి ఏ గుడ్డ తీసుకోమంటావు అని అడిగితే ఆయనేమన్నాడంటే, "యువరాజు గారు సూపర్‌ఫైన్ వేసుకుంటారండి, బ్రమ్మెల్ గారు బాత్ కోటింగ్ వేసుకుంటారు, మీరేది తీసుకున్నా తప్పులేదు, బాత్ కోటింగ్ అనుకుందామా, బ్రమ్మెల్ గారిదే ఒక పిసరు పైచేయి అనిపిస్తుంది నాకు" అని. ఆలోచించండి, ఆ టైలర్ యువరాజు కొలతలు తీసుకునే మనిషి! రాజ్యం అంతా ఒకడిది అయి ఉండి, కోటు విషయంలో మాత్రం టైలర్ కూడా పక్కవాడిదే బాగుంటుంది అంటే ఆ యువరాజుకి ఎక్కడ కాలుతుందో చెప్పక్కర్లేదు. తన కోటు కటింగ్ బ్రమ్మెల్‌కి నచ్చలేదని తెలిసి ఆయన ఏడ్చేశాడని కూడా ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

పైగా ఒళ్లు. 1797 నాటికే ఆయన బరువు 111 కిలోలు. 1824లో ఆయనకి కుట్టిన కార్సెట్, అంటే పొట్ట బిగించి కట్టే లోపలి తొడుగు, నడుం 50 అంగుళాలు. ఆ ఒంటికి ఏ కోటైనా కుట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు, ముందు వైపు గుండీలు పట్టి లాగుతాయి, వెనక చీలిక నోరు తెరుస్తుంది, ఎంత ఖరీదు గుడ్డైనా సరే. సన్నగా నిటారుగా ఉండే స్నేహితుడు రోజూ పక్కన నిలబడితే ఎవరికైనా అద్దం శత్రువు అవుతుంది.

తండ్రికి మతి చెదరడంతో 1811లో ఈయన రీజెంట్ అయ్యాడు, అంటే దాదాపు రాజే. అప్పటిదాకా తనవాళ్లు అని చెప్పుకున్న విగ్ అనే రాజకీయ పార్టీ వాళ్లనే 1812లో పక్కన పెట్టేసి పాత మంత్రివర్గాన్నే ఉంచుకున్నాడు. ఏరు దాటాక బోడి మల్లన్న అంటాం కదా, అదే. బ్రమ్మెల్ కూడా తక్కువ తినలేదు, యువరాజు మీద, ఆయన చేరదీసిన ఆవిడ మీద జోకులు వేసి అవి ఊరంతా తిరిగేలా చూసుకున్నాడు. చిన్నోడు పెద్దోడి దగ్గర చనువు చూసుకుని ఎక్కడ ఆగాలో మర్చిపోయాడు అంటాను నేను.

సరే, ఇప్పుడు పార్టీ. నలుగురు కుర్రాళ్లు జూదంలో బాగా గెలిచారు, ఆ సంతోషంలో ఆర్గైల్ రూమ్స్ అనే చోట బాల్ పెట్టారు. బ్రమ్మెల్, లార్డ్ అల్వాన్లీ, హెన్రీ మిల్డ్‌మే, హెన్రీ పియర్‌పాయింట్. రీజెంట్‌కి అప్పటికే బ్రమ్మెల్‌తో మాటల్లేవు, మిల్డ్‌మేతోనూ అంతంతమాత్రమే, పిలవాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే రీజెంటే వస్తానని కబురు పెట్టాడు, ఇక పిలవక చస్తారా, నలుగురి పేర్లతో పిలుపు వెళ్లింది. రాత్రి నలుగురూ చేతుల్లో కొవ్వొత్తులు పట్టుకుని గుమ్మం దగ్గర వరసగా నిలబడ్డారు, రాచమర్యాద మరి. ఆయన వచ్చాడు. పియర్‌పాయింట్‌తో నవ్వుతూ మాట్లాడాడు, అల్వాన్లీతో మాట్లాడాడు, బ్రమ్మెల్ దగ్గరికొచ్చేసరికి అక్కడ మనిషే లేనట్టు ముందుకి పోయాడు. డబ్బు పెట్టి పిలిచిన పార్టీలో, అందరూ చూస్తుండగా. అప్పుడు వచ్చింది ఆ మాట.

(ఇది వేరే చోట జరిగిందని రాసినవాళ్లూ ఉన్నారు, ఎక్కువమంది చెప్పేది మాత్రం ఈ బాల్ గురించే.)

ఆ మాట ఎంత ప్రమాదమో ఎడిటర్‌గా మీకే బాగా తెలియాలి. అంతకు ఏడాది ముందు లీ హంట్ అనే ఎడిటర్ తన ఎగ్జామినర్ పత్రికలో రీజెంట్ గురించి, ఈ మన్మథుడు నిజానికి యాభై ఏళ్ల స్థూలకాయుడు అని రాశాడు, ఇంకా అప్పులున్నాయి, మాట మీద నిలబడడు అని కూడా రాశాడనుకోండి. ఆయనకీ, వాళ్ల అన్న జాన్‌కీ చెరి రెండేళ్లు జైలు, చెరి 500 పౌండ్లు జరిమానా. 1813 ఫిబ్రవరిలో లోపలికి వెళ్లారు, అంటే ఈ బాల్ జరిగే రాత్రి ఆ అన్నదమ్ములిద్దరూ జైల్లోనే ఉన్నారు. అచ్చులో లావు అన్నవాడు జైల్లో, బాల్‌లో లావు అన్నవాడు హీరో. నిజంగా దమ్ము గురించే రాయాలంటే మీ వ్యాసంలో హంట్ ఉండాలి, బ్రమ్మెల్ కాదు, పత్రిక వాళ్లయి ఉండి మీరు ఆయన్ని ఎలా వదిలేశారో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు అల్వాన్లీ. అప్పటికి ఆ కుర్రాడికి 24 ఏళ్లు. ఒక పక్క కాబోయే రాజు, ఇప్పుడే తనతో నవ్వుతూ మాట్లాడాడు. ఇంకో పక్క తన కన్నా పదేళ్లు పెద్ద, తను గురువులా చూసే ఫ్రెండు. చేతిలో కొవ్వొత్తి, పార్టీకి పిలిచిన మనిషి హోదా. రీజెంట్ బ్రమ్మెల్‌ని పలకరించకుండా ఉండటానికి అల్వాన్లీని పలకరించాడు, బ్రమ్మెల్ రీజెంట్‌ని తిట్టడానికి అల్వాన్లీని అడిగాడు. ఇద్దరూ కలిసి ఆ కుర్రాణ్ణి గోడలా వాడుకున్నారు, బంతి కొట్టుకోవడానికి. బ్రమ్మెల్‌కి నిజంగా దమ్ముంటే నేరుగా "అయ్యా, నేను కూడా మిమ్మల్ని పిలిచినవాడినే" అని ఉండొచ్చు కదా. అనలేదు.

ఇది మాకు కొత్త కాదండి. పెళ్లికొడుకు సూట్ ట్రయల్‌కి వస్తాడు, తోడు ఒక ఫ్రెండ్ వస్తాడు, పెళ్లికొడుకు అద్దంలో చూసుకుని మురిసిపోతుంటే ఆ ఫ్రెండు వాడితో ఏమీ అనడు, నా వైపు తిరిగి "భుజం దగ్గర కొంచెం లూజ్ ఉంది కదా మాస్టారూ" అంటాడు. లూజ్ ఉండదు. ఉంది అంటే నా పని తప్పు, లేదు అంటే ఆ ఫ్రెండ్ మొహం మాడిపోతుంది, రేపు వాడి పెళ్లి బేరం ఇంకో షాపుకి పోతుంది. టేప్ మెడలో వేసుకుని నవ్వుతూ నిలబడతాను. పెళ్లికొడుకు మాత్రం అప్పట్నుంచి ఆ భుజమే చూసుకుంటూ ఉంటాడు, ఇంకేం మురిపెం. అందుకే అల్వాన్లీ అంటే నాకు అంత జాలి.

ఇంకో తప్పు. రాజు పగబట్టి బ్రమ్మెల్‌ని దేశం దాటించాడు అన్నట్టు రాశారు, అది కాదు. ఆ బాల్ తర్వాత మూడేళ్లు లండన్‌లో దర్జాగానే తిరిగాడు, ముంచింది జూదం. ఫ్రెండ్స్‌తో కలిసి పెద్ద అప్పు తీశాడు, తీర్చలేక గొడవయ్యింది, 1816 మే 16 రాత్రి అందరికీ కనపడేలా ఆపెరాకి వెళ్లి మధ్యలో లేచి బండెక్కి డోవర్, అక్కణ్ణించి పడవ, ఫ్రాన్స్‌లో కలే అనే రేవు. జామీను సంతకాల ఖర్మ మన దగ్గర తెలియనిది ఎవరికి, మిగిలినవాళ్లు కట్టుకోవాల్సి వచ్చింది. సామాన్లు వేలం వేస్తే ఒక నశ్యం డబ్బాలో చీటీ దొరికిందట, ఇది ప్రిన్స్ రీజెంట్‌కి ఇద్దామనుకున్నది, ఆయన నాతో ఇంకొంచెం మర్యాదగా ఉండి ఉంటే అని. చూడండి, కొని పెట్టాడు, ఇవ్వలేదు, పడేయనూ లేదు. అంత కోపంలోనూ స్నేహం ఎక్కడో మిగిలే ఉంది, రాజుకీ ఉందేమో, 1821లో హానోవర్ పోతూ కలే మీదుగానే వెళ్లాడు, బ్రమ్మెల్ అక్కడే ఉన్నాడని తెలుసు, కబురు మాత్రం పంపలేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఒక్క అడుగు వేస్తే సరిపోయేది, వేయలేదు.

చివరికి బ్రమ్మెల్ ఫ్రాన్స్‌లోనే కాన్ అనే ఊళ్లో మతి తప్పాడు, కొన్ని రాత్రుళ్లు గదిలో కొవ్వొత్తులు వెలిగించి పనివాడి చేత డెవన్‌షైర్ డచెస్ గారు వచ్చారు అని కేక వేయించి, లేచి వంగి దండం పెట్టి ఖాళీ కుర్చీ చూపించేవాడట, ఆవిడ చనిపోయి అప్పటికి ఎన్నేళ్లో. పది గంటలకి బండ్లు వచ్చాయని పనివాడే చెప్పి అందర్నీ పంపేసేవాడు. 1840 మార్చి 30న అక్కడి ఆస్పత్రిలో పోయాడు.

కలేకి పారిపోయిన దగ్గర్నుంచీ ఆయనకి డబ్బు పంపినవాళ్లలో, 1835లో అప్పుల వాళ్లు జైల్లో వేయిస్తే విడిపించడానికి చందాలు పోగేసిన ఫ్రెండ్స్‌లో ఒకరు ఎవరనుకుంటున్నారు? అల్వాన్లీ. ఆయనేమీ ధర్మరాజు కాదు, ఆయనకీ అప్పులే, ఆస్తి మొత్తం కరగబెట్టుకున్నాడు, రోజూ బల్ల మీద చల్లటి ఆప్రికాట్ టార్ట్ ఉండాల్సిందే అని ఆర్డర్ వేసిన రకం. 1835లోనే ఒక ద్వంద్వ యుద్ధానికి అద్దె బండిలో వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చి బండివాడికి బంగారు నాణెం ఇస్తే, ఇంత దూరానికే ఇంత డబ్బా అని వాడు ఆశ్చర్యపోయాడట, "తీసుకెళ్లినందుకు కాదయ్యా, తిరిగి తీసుకొచ్చినందుకు" అన్నాడు. నన్నడిగితే ఆ నలుగురిలో అసలు జోకు వేయడం వచ్చినవాడు ఈయన, ఎవరినీ గుచ్చకుండా వేశాడు.

కాబట్టి ఆ వ్యాసం రాసినవారికి నా మనవి చేరవేయండి, ఈసారి లండన్ గురించి రాస్తే అల్వాన్లీకి ఒక పేరా ఇవ్వమని. అలాగే ఆ పేజీలో వేసిన రీజెంట్ బొమ్మ 1821 పట్టాభిషేకం డ్రెస్సులోది, ఆ బాల్‌కి ఎనిమిదేళ్ల తర్వాతది, కింద 1813 అని వేశారు, అది కూడా సరిచేయగలరు.

ఇట్లు,
ఒక టైలర్,
గుంటూరు