ఫాసెల్ వేగా రెస్టోరేషన్: అడగని మార్పులపై ఫిర్యాదు లేఖ

రెడింగ్, ఇంగ్లండ్

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మీ వర్క్‌షాపులో బాగుచేయడానికి ఇచ్చిన నా పాత ఫ్రెంచి కారు, 1960 మోడల్ ఫాసెల్ వేగా హెచ్‌కే500 కూపే. ఒప్పందంలో లేని మార్పులు, బ్రేకు పనిలో లోపం, పాత భాగాల వాపసు గురించి.

అయ్యా,

మనం మొదటి నుంచీ తెలుగులోనే మాట్లాడుకున్నాం కాబట్టి ఈ లేఖ కూడా తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషులో పెట్టిన మెయిళ్లకు మీ ఆఫీసు నుంచి ఆటోమేటిక్ జవాబులు తప్ప మరేమీ రాలేదు.

ముందు బాగున్నది చెబుతాను. ముదురు నీలం పెయింటుకు గానీ, డోర్లు మూసుకునే తీరుకు గానీ, సీట్ల తోలు పనికి గానీ వంక పెట్టడానికి లేదు. ఆ పని చేసినవాళ్లకు నా మాటగా చెప్పండి. నా గొడవ ప్రధానంగా డాష్‌బోర్డు గురించి.

హెచ్‌కే500 డాష్‌బోర్డును మొదటిసారి చూసిన ఎవరైనా వాల్‌నట్ చెక్క అనుకుంటారు. అది చెక్క కాదు, లోహపు పలక. చెక్కలోని చారలు, ముడులు కనబడేలా దాని మీద చేత్తో రంగులు వేసేవారు. ఫాసెల్ మొదలైందే లోహపు రేకును ప్రెస్సుల్లో వంచే కంపెనీగా. సిమ్కా, పనార్డ్ లాంటి కార్ల కంపెనీలకు బాడీలు చేసి ఇచ్చి, ఆ తర్వాత 1954లో దాని యజమాని జాఁ దానినోస్ కంపెనీ సొంత పేరుతో కారు తెచ్చాడు. అంత ఖరీదైన కారులో చెక్క పెట్టలేక రంగు వేశారని ఎవరూ అనుకోరు. అది వాళ్ల పనితనం, ఒక రకంగా వాళ్ల చిలిపితనం కూడా. 1958 నుంచి 1961 దాకా ఈ మోడల్ మొత్తం మీద తయారైనవే దాదాపు 490. కుంచె పని కాబట్టి ఏ రెండిటి డాష్‌బోర్డూ అచ్చు ఒకేలా ఉండదు.

నా కారులో గ్లవ్‌బాక్స్ మూత దగ్గర ఆ రంగు కొద్దిగా పగిలింది. ఎండ తగిలే పై అంచున పాలిపోయింది. అంతకు మించి ఏమీ కాలేదు. మన ఒప్పందంలో రాసుకున్నది కూడా అదే: శుభ్రం చేయాలి, పగుళ్లు ముందుకు పాకకుండా ఆపాలి, మిగతాది ఉన్నది ఉన్నట్టు ఉంచాలి, ఏ భాగాన్నయినా మార్చాల్సి వస్తే నా దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి.

మీరు ఇచ్చిన కారులో ఆ స్థానంలో నిజమైన వాల్‌నట్ వెనీర్, అంటే పైన అతికించే పలుచటి చెక్క పొర, ఉంది. అద్దంలా మెరుస్తోంది. "ఒరిజినల్ కన్నా బెటర్ సార్, అది ఉత్త పెయింటు" అని మీ వర్క్‌షాప్ ఇన్‌చార్జి గర్వంగా చెప్పారు. అమ్మమ్మ కాసులపేరుకు మెరుగు పెట్టమని ఇస్తే, కరిగించి కొత్త నెక్లెస్ చేసి, పైగా మజూరీ, తరుగు కూడా వసూలు చేసినట్టుంది మీ పద్ధతి. ఎందుకంటే ఈ వెనీర్ పనికి ఇన్‌వాయిస్‌లో విడిగా 4,800 పౌండ్లు వేశారు.

దీనికి నేను ఒప్పుకున్నానని మీవాళ్ల వాదన. సాక్ష్యం ఏమిటంటే వాట్సాప్‌లో నేను పెట్టిన బొటనవేలు గుర్తు. ఆ గుర్తు దేనికి పెట్టానో పైకి జరిపి చూడండి. సీట్ల తోలు రంగు నమూనా ఫొటోకు. దాని వెంటనే మీవాళ్లు చెక్క ముక్కల ఫొటో ఒకటి పెట్టారు. దానికి నేను అడిగిన ప్రశ్న "ఇది దేనికి?" అని. ఆ ప్రశ్నకు ఇవాళ్టికీ జవాబు లేదు.

ఇంతకీ పాత పలక ఏమైంది? ఇన్‌వాయిస్‌లో "కొత్త ప్యానెల్" అని ఉంది. ఇన్‌చార్జి మాత్రం పాతదాన్నే ఉప్పుకాగితంతో రుద్ది పైన వెనీర్ అతికించామంటున్నారు. రెండూ నిజం కాలేవు. గ్లవ్‌బాక్స్ మూత తెరిచి, లోపలి అంచును టార్చితో చూశాను. పైన వెనీర్ పొర, దాని కింద జిగురు గీత, ఆ కింద సన్నగా గోధుమ రంగు పెయింటు. మూలలో మీవాళ్లు రుద్దడం మరిచిపోయినచోట చెక్క ముడిలా గీసిన చిన్న వంపు ఒకటి ఇంకా కనబడుతోంది. అంటే కనీసం మూత మీదన్నా పాత చిత్రం పూర్తిగా పోలేదు. మిగతా పలకల సంగతి నాకు తెలియాలి. అందుకే ఇప్పుడు చెబుతున్నాను: ఆ వెనీర్ జోలికి మీవాళ్లెవరూ పోవద్దు, గీకవద్దు, హీట్‌గన్ పెట్టవద్దు.

రెండోది వెనక బంపర్. ఫాసెల్ బంపర్లు స్టెయిన్‌లెస్ స్టీలు. దాని మీద పూత ఉండదు కాబట్టి ఊడడానికీ ఏమీ ఉండదు. నా కారు వెనక బంపర్ అడుగున, నంబర్ ప్లేటు కింద, అప్పుడే క్రోమ్ పొక్కులు లేచాయి. నా బంపర్ మీదే క్రోమ్ వేశారో, అది తీసి వేరేది బిగించారో మీకే తెలియాలి. ముందు బంపర్ మాత్రం పాతదే, చక్కగా ఉంది. రెండూ పక్కపక్కన పెడితే మెరుపులో తేడా చిన్నపిల్లలు కూడా చెబుతారు.

మూడోది బ్రేకులు. అందం సంగతి పక్కన పెడితే నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఇదే. 6.3 లీటర్ల క్రైస్లర్ వీ8 ఇంజిన్, రెండు టన్నులకు దగ్గర పడే బరువు. అలాంటి బండి బ్రేకు తొక్కగానే ఎడమవైపుకు లాగుతోంది. ఫోన్ చేస్తే మీ సర్వీస్ డెస్క్‌లో అన్న మాట: "40 ఏళ్లు దాటిన బండికి ఎంఓటీ అక్కర్లేదు కదండీ." ఏటా బండి భద్రత చూసే ఆ ప్రభుత్వ పరీక్ష అక్కర్లేకపోవచ్చు, బండి ఆగడం మాత్రం కావాలి కదా. నేనే సొంత డబ్బు పెట్టి ఎంఓటీ చేయించాను. ఫెయిలయింది. ముందు కుడివైపు కాలిపర్‌లో, అంటే బ్రేకు డిస్కును పట్టి ఆపే భాగంలో, పిస్టన్ జామ్ అయింది. నాలుగు డన్‌లప్ డిస్కుల కాలిపర్లనూ విప్పి, సీళ్లు మార్చినట్టు మీ బిల్లులో ఉంది. టెస్టర్ ఇచ్చిన కాగితం దీనితో జతచేశాను.

చిన్న విషయమే అయినా, కారుతో పాటు మీరిచ్చిన ఫైల్లో ఇది "కామూ ప్రాణం తీసిన మోడల్" అని రాశారు. 1960 జనవరి 4న ఫ్రెంచి రచయిత ఆల్బెర్ కామూ కారు ప్రమాదంలో మరణించినప్పుడు ప్రయాణిస్తున్నది ఎఫ్‌వీ3బీ, అంతకు ముందు మోడల్. నలుగురూ చెప్పుకునే మాటను ఎత్తి రాసేశారు. డాష్‌బోర్డు విషయంలోనూ ఇదే ధోరణి: ఖరీదైన కారు కాబట్టి చెక్కే ఉండాలి అనుకున్నారు.

అసలు ఫాసెల్ కంపెనీ ఎలా మునిగిందో మీకు తెలిసే ఉంటుంది. ఫాసెలియా అనే చిన్న మోడల్‌కు ఫ్రాన్సులోనే చేయించిన ఇంజిన్లు పాడైపోతుంటే, వారంటీ కింద మార్చి ఇస్తూ ఆ ఖర్చుల కింద నలిగిపోయి, 1964లో మూతపడింది. మీరు అంత త్యాగం చేయనక్కర్లేదు. కింద అడిగినవి చేస్తే చాలు.

డాష్‌బోర్డు విప్పినప్పుడు, రుద్దినప్పుడు మీరు తీసిన ఫొటోలన్నీ ఇవ్వండి. నా కారు నుంచి తీసిన పలకలు, బంపర్ మీ దగ్గర ఉంటే ఏ స్థితిలో ఉన్నా తిరిగివ్వండి. వెనీర్ కింద మిగిలిన రంగును బయటికి తేవడం, పోయినచోట మళ్లీ వేయించడం పాత చిత్రాలను బాగుచేసే నిపుణుల పని. ఆ మనిషిని నేను ఎంచుకుంటాను, ఖర్చు మీరు భరించాలి. వెనీర్ కోసం తీసుకున్న 4,800 పౌండ్లు, ఎంఓటీ ఫీజు వాపసు చేయాలి. అసలు బంపర్ దొరక్కపోతే స్టెయిన్‌లెస్ స్టీలుదే కొత్తగా చేయించి ఇవ్వాలి. బ్రేకుల పని మళ్లీ మొదటి నుంచి, ఉచితంగా చేయాలి.

2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం ప్రకారం పనిని తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాల్సిన బాధ్యత మీది. అలా చేయనప్పుడు మళ్లీ చేయించుకునే హక్కు, అది కుదరకపోతే ధర తగ్గించమనే హక్కు నాకున్నాయి. ఈ లేఖ అందిన 14 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే కోర్టుకు వెళతాను. ఒప్పందం కాపీ, ఇన్‌వాయిస్, వాట్సాప్ సంభాషణ, గ్లవ్‌బాక్స్ మూత అంచు ఫొటోలు కూడా జతచేశాను.

బ్రేకులు బాగయ్యేదాకా కారు నడపను. ట్రక్కు మీద మీ వర్క్‌షాపుకూ పంపను. చూడాలంటే మీ మనిషే రెడింగ్ రావాలి. శనివారాలు ఇంట్లోనే ఉంటాను. వచ్చే ముందు ఫోన్ చేయండి, చేతిలో ఉప్పుకాగితం లేకుండా రమ్మనండి.

ఇట్లు,
కారు యజమాని