మోకాళ్ల పర్వతం దగ్గర మా నాన్నకు బెల్లం పెట్టిన అమ్మకు

మే రెండో వారంలో, అలిపిరి మెట్లదారిలో, మోకాళ్ల పర్వతం ఎక్కుతూ ఒక పెద్దాయన కూలబడిపోతే చుట్టూ చేరి ఆదుకున్నవాళ్లందరికీ ఈ ఉత్తరం. ఆ పెద్దాయన మా నాన్న. ఆయన బాగున్నారు. ముందు ఆ మాట చెప్పాలి, ఎందుకంటే మీలో ఇద్దరు ముగ్గురు మమ్మల్ని అంబులెన్సు ఎక్కించాక కూడా రోడ్డు పక్కనే నిలబడి చూస్తూ ఉండిపోవడం మా అబ్బాయి చూశాడట. నేను చూడలేదు. ఒక్కరికీ దణ్ణం పెట్టలేదు, ఒక్కరి పేరూ అడగలేదు.

మాది రాజమండ్రి. అక్క కాపురం తిరుపతిలో. ఏటా ఎండాకాలం సెలవులకి పిల్లాణ్ణి తీసుకుని శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తాను. ఈసారి నాన్నా వచ్చారు. అమ్మ పోయాక ఆయన ఊరు దాటడం ఇదే మొదలు. ఇద్దరూ కలిసి కొండకి నడిచి వస్తామని ఎప్పుడో మొక్కుకున్నారట, ఆ మొక్కు అలాగే ఉండిపోయింది. బస్సులో వెళ్దాం మావయ్యగారూ అని బావ ఎంత చెప్పినా వినలేదు. అరవై ఆరేళ్లు, పదేళ్లుగా షుగరు ఉంది. అయినా రోజూ గోదావరి గట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషి కదా అని మేమూ సరేనన్నాం.

ఎండ ముదరకముందే మోకాళ్ల పర్వతం దాటేయాలని నాలుగున్నరకల్లా అలిపిరి చేరాం. పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లెక్కడం మొదలుపెట్టాం. తెలిసినవాళ్లకి తెలుసు, ఆ దారిలో 3550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. గాలిగోపురం దాకా నిట్టనిలువు. తలయేరు గుండు దగ్గర నాన్న ఆగి, ఆంజనేయస్వామి ఉన్న ఆ బండకి తలా మోకాళ్లూ ఆనించి కాసేపు అలాగే ఉండిపోయారు. అక్కడ ఆనిస్తే నొప్పులు పోతాయని నమ్మకం. మా వాడు మెట్ల మీద రాసిన అంకెలు పైకి చదువుతూ ముందు పరిగెడుతున్నాడు. గాలిగోపురం చేరేసరికి బాగా తెల్లారింది. హోటళ్ల దగ్గర వేడి వేడి ఇడ్లీ. బావ తలా ఒక ప్లేటు తెచ్చారు. నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. "దర్శనం అయ్యాకే ముద్ద ముడతాను" అన్నారు.

అప్పుడు మాకు తట్టంది ఏమిటంటే, పొద్దున నాలుగింటికి ఆయన అలవాటుగా షుగరు మాత్ర వేసేసుకున్నారు. పరగడుపున వేసుకుని అరగంటలో టిఫిన్ తినాల్సిన మాత్ర అది.

గాలిగోపురం తర్వాత దారి చాలాదూరం చదునుగానే ఉంటుంది, ఘాట్ రోడ్డు పక్కనే నడక. నాన్న మాట తగ్గిపోయింది. అలసట అనుకున్నాం. మోకాళ్ల పర్వతం మొదట్లో ఒకామె మెట్టు మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగిస్తూ వెళుతోంది. ఇంకొందరు మోకాళ్ల మీద ఎక్కుతున్నారు. రామానుజులవారు ఈ కొండని కాళ్లతో తొక్కడానికి మనసొప్పక మోకాళ్ల మీద ఎక్కారని చెబుతారు, పేరు అందుకే వచ్చిందంటారు. నాన్న నడిచే ఎక్కుతున్నారు. ఇరవై మెట్లయినా ఎక్కలేదు. పక్క గోడ పట్టుకున్నారు. "అమ్మా" అన్నారు. నన్ను పిలిచారో, మా అమ్మని పిలిచారో ఇప్పటికీ తెలీదు. అలాగే కిందికి జారిపోయారు.

చొక్కా అంతా తడిసిపోయింది. ముట్టుకుంటే ఒళ్లు మంచుముక్క. చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. ఎండదెబ్బ అన్నారొకరు. గుండె అన్నారు ఇంకొకరు. నేను సీసాలో నీళ్లు ఆయన నోట్లో పొయ్యబోయాను. అప్పుడు నా మణికట్టు పట్టుకుని ఆపిందొక చెయ్యి, వేళ్లన్నీ పసుపు.

"యామ్మా, మీ నాయనకు షుగరుందా? మాత్ర ఏసుకున్న్యాడా? పొద్దన్నుంచి ఏమన్నా తిన్న్యాడా?"

మెట్లకి బొట్లు పెడుతున్న ఆమే. మూడు ప్రశ్నలు, మూడింటికీ జవాబు బావ చెప్పాడు. ఆమె నాన్న చెంప తట్టి, కళ్లు తెరిపించి, "మింగగలవా నాయనా?" అని అడిగి, ఆయన తల ఊపాకే సంచీలోంచి ఒక స్టీలు డబ్బా తీసింది. అందులో బెల్లం. చిన్న చిన్న ముక్కలు చేసి నాలుక మీద పెడుతూ, నమలమని, మింగమని చెబుతూ కూర్చుంది. మా ఇంటాయనకు రెండుసార్లు ఇట్లే అయింది, భయపడొద్దు అని మాతో అంటోంది. ఇది స్వామికి నైవేద్యం పెట్టడానికి తెచ్చిన బెల్లమని ఆమెతో ఉన్న అమ్మాయి మెల్లగా గుర్తుచేసింది. "సామికి పైన లడ్లూ వడలూ బోలెడున్నాయిలే. ముందు ఈయనకు పెట్టనీ" అంది ఆమె.

అన్నమయ్య కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. ఎనిమిదేళ్ల పిల్లాడు ఒంటరిగా కొండెక్కుతూ, ఆకలితో ఇక్కడే, ఈ మోకాళ్ల పర్వతం దగ్గరే సొమ్మసిల్లి పడిపోతే, అలమేలుమంగమ్మ ముసలమ్మలా వచ్చి లేపి ప్రసాదం తినిపించిందంటారు. ఆ కథ నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. రాత్రి అక్క వాళ్లింట్లో, నాన్న నిద్రపోయాక గుర్తొచ్చింది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఇంకొందరున్నారు. తమిళం మాట్లాడే ముగ్గురు కుర్రాళ్లు, పచ్చపంచెలు కట్టుకుని ఉన్నారు. ఒకడు తువ్వాలుతో విసురుతుంటే మిగతా ఇద్దరూ నాన్నని పడుకోబెట్టి ఎత్తుకుని కింద నీడలోకి చేర్చారు. వాళ్ల మాట మాకు రాదు, మా మాట వాళ్లకి రాదు. "అప్పా, అప్పా" అని నాన్నని పిలవడం ఒక్కటే అర్థమైంది. మామిడికాయ ముక్కలు అమ్మే అవ్వ మా వాణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకుని, తాతని చూడనివ్వకుండా అటు తిప్పి, ముక్కలకి ఉప్పూకారం అద్దే పని వాడికి అప్పగించింది. తొమ్మిదేళ్ల పిల్లాడి భయం ఎలా పోగొట్టాలో ఆ అవ్వకి తెలిసినట్టు నాకు తెలియలేదు. బావ డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ప్రథమ చికిత్స చేసే సిబ్బంది వచ్చి వేలికి సూది గుచ్చి చూశారు. అప్పటికే బెల్లం తిని పది నిమిషాలైంది, అయినా షుగరు 61. డెబ్బై కంటే తగ్గితేనే ప్రమాదమట. ఇంకొంచెం తీపి పెట్టించి, పావుగంట ఆగి మళ్లీ చూస్తే 98. రోడ్డు దగ్గరే కాబట్టి అంబులెన్సు తొందరగానే వచ్చింది. కొండ మీద అశ్విని ఆసుపత్రిలో డాక్టరుగారు ఓపిగ్గా అన్నీ వివరించారు. ఆయన చెప్పింది ఇక్కడ రాస్తున్నాను, షుగరున్న పెద్దవాళ్లని మెట్లెక్కించే ఇళ్లలో ఉపయోగపడుతుంది.

షుగరు మాత్ర వేసుకుని తినకపోయినా మాత్ర తన పని తను చేసేస్తుందట. దానికి తోడు ఎక్కడం. కండరాలు రక్తంలో చక్కెరని లాగేసుకుంటాయి. చల్లటి చెమట, వణుకు, మాట తడబడటం, తిక్కతిక్కగా మాట్లాడటం గుర్తులు. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే మూడు చెంచాల పంచదార గానీ, అంత బెల్లం గానీ. పావుగంటకీ తేరుకోకపోతే మళ్లీ అంతే. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను పొయ్యబోయిన నీళ్లు గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. ఇంకో సంగతి, తేరుకున్నారు కదా అని వదిలెయ్యకూడదు. ఈ రకం మాత్రలకి షుగరు మళ్లీ పడిపోవచ్చు. అందుకే కడుపునిండా అన్నం పెట్టించి, గంటల తరబడి చూస్తూ, మధ్యలో రెండుసార్లు వేలికి సూది గుచ్చి, అప్పుడు పంపారు. ఆ ఆసుపత్రిలో నాన్నకి పెరుగన్నం కలిపి తినిపించిన నర్సమ్మగారికి కూడా నా దణ్ణాలు.

దర్శనం మర్నాడు చేయించాం, బస్సులో వెళ్లి. నాన్న మొక్కు తీరలేదంటున్నారు. చలికాలంలో మళ్లీ నడుస్తారట, ఇడ్లీ తిని. మా అక్క జేబులో గ్లూకోజు పొట్లం పెడతానంది.

అమ్మా, నీ డబ్బా మా దగ్గరే ఉండిపోయింది. నువ్వు మూత పెట్టి నాన్న ఒళ్లో పెట్టేశావు, అది ఆయనతో పాటు అంబులెన్సు ఎక్కేసింది. అడుగున రెండు ముక్కల బెల్లం ఉంది, అలాగే ఉంచాను. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన అక్షరాలు, ఒక సంవత్సరం ఉన్నాయి. మీ పెళ్లిలో ఎవరో చదివించిన డబ్బా అయ్యుంటుంది. ఆ అక్షరాలు ఇక్కడ రాయను. నువ్వు గానీ, ఆ రోజు నీతో ఉన్న అమ్మాయి గానీ ఇది చదివితే, మూత మీద ఏముందో ఒక్క మాట చెప్పండి చాలు. మీ ఊరు ఏదైనా సరే, నాన్నే స్వయంగా వచ్చి ఇస్తానంటున్నారు.