పాత తీగలు తీసేయకురా

గుంటూరు

శీనూ,

నీ ఉత్తరం అందింది. యంత్రాలు మాట్లాడుకునే పాత ప్రొఫిబస్ లైన్లన్నీ పీకేసి, కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ వేస్తే చాలు, అంతా పరుగులు పెడుతుందని మీ మేనేజరుగారు అంటున్నారని రాశావు. ఆయన్ని కాస్త ఆగమని చెప్పు. ఇక్కడ నేను చేస్తున్న పని సంగతి విను, ఎందుకంటున్నానో నీకే తెలుస్తుంది.

మిర్చి యార్డుకు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ. అమోనియా కంప్రెసర్లు, గదుల్లో ఉష్ణోగ్రత కంట్రోలర్లు, కరెంటు మీటర్లు, అన్నీ ఆర్‌ఎస్-485 అనే రకం తీగ మీద మోడ్‌బస్ అనే యంత్రాల భాష మాట్లాడేవే. 1979లో మోడికాన్ వాళ్లు తెచ్చిన మోడ్‌బస్ మన ఇద్దరికంటే పెద్దది, అయినా ఎవరూ వదలడం లేదు. యజమానికి ఈ లెక్కలన్నీ ఆఫీసు కంప్యూటర్లో కనబడాలి. ఆయన ఆఫీసు వీధికి అవతల ఉంది. అక్కడికి వైర్‌లెస్ బ్రిడ్జి పెట్టాను. అది వచ్చిన డేటా ప్యాకెట్‌ను విప్పి చూడదు, ఉన్నదున్నట్టు అవతలికి చేరుస్తుంది.

విప్పి చూసేది గేట్‌వే. కరెంటు ప్యానెల్లోని లోహపు పట్టీకి తగిలించే చిన్న పెట్టె. కంప్యూటర్ 502 పోర్టుకు పంపిన ప్రశ్నలోంచి ఏడు బైట్ల తలకట్టు తీసేసి, అందులోని యూనిట్ నంబరును, అంటే ఏ పరికరానికో చెప్పే అంకెను, ముందు పెట్టి, చివర తప్పులు పట్టే రెండు బైట్ల సీఆర్‌సీ తగిలించి తీగ మీదకు వదులుతుంది. జవాబు వస్తే ఇదే పని తిరగేసి చేస్తుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. పైన ఈథర్‌నెట్ సెకనుకు వంద మెగాబిట్లయినా, కింద తీగ సెకనుకు 9600 బిట్ల దగ్గరే నడుస్తోంది. ఒక్కో బైటుకు మిల్లీసెకను పైనే పడుతుంది. ప్రశ్నకు ఎనిమిది బైట్లు, పది రిజిస్టర్ల (విలువలు దాచుకునే 16 బిట్ల గళ్ల) జవాబుకు ఇరవై అయిదు. ఒకరు మాట్లాడ్డం అయితేగాని ఇంకొకరు నోరెత్తకూడదు. ఒక మీటరు చచ్చిపడి ఉంటే గేట్‌వే దాని జవాబు కోసం గడువు తీరేదాకా కాచుకుంటుంది, మిగతావన్నీ ఆ క్యూలో నిలబడతాయి. అందుకే గడువు తగ్గించి, పనికిరాని మీటరును జాబితాలోంచి తీసేశాను.

దీనికన్నా విసిగించింది రిజిస్టర్ల పట్టిక. 32 బిట్ల విలువ రెండు రిజిస్టర్లలో ఉంటుంది. ఏ సగం ముందో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. సగాలు తారుమారై గది ఉష్ణోగ్రత కోట్లలో చూపిస్తుంటే యజమాని ముఖం చూడాలి! తీగలు తగిలించే ‘ఏ’, ‘బీ’ టెర్మినళ్ల పేర్లు సైతం కంపెనీని బట్టి తారుమారవుతాయి.

మీది ప్రొఫిబస్ కాబట్టి ప్రొఫినెట్ ప్రాక్సీ పెట్టించు, పాత ప్రొఫిబస్‌కూ ఈథర్‌నెట్ మీద నడిచే ప్రొఫినెట్‌కూ మధ్య దుబాసీ లాంటి పెట్టె అది. కింది పరికరాలు, తీగ అలాగే ఉంటాయి, పైన కంట్రోలర్ మాత్రం మారుతుంది. కాకపోతే ఒకదానితో ఒకటి అడుగు కలిపి తిరగాల్సిన మోటార్ల డ్రైవ్‌లను దాని వెనక పెట్టవద్దు, ఆలస్యం అక్కడ పనికిరాదు. మీ లైను సెకనుకు 12 మెగాబిట్ల మీద నడుస్తుంటే ఒక్కో సెగ్మెంటు (లైనులో ఒక్కో ముక్క) పొడవు వంద మీటర్లు దాటకూడదు, అది కూడా కొలిపించు.

ఇంకో మాట. మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ అన్నది లేదు. ఫోనులో చూడాలని ఇక్కడి యజమాని గేట్‌వేను నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించమంటున్నాడు. ససేమిరా అన్నాను, ఇంకా అలక మీదే ఉన్నాడు.

మీ డ్రైవ్‌ల జాబితా, లైను పటం పంపించు, చూసి రాస్తాను. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
రవి