మేడమ్ బదిలీతో ఆగిపోయిన సైన్సు క్లాసు

సంపాదకుల వారికి నమస్కారం.

డిగ్రీ కాలేజీల్లో అడ్మిషన్లు మొదలయ్యే రోజులివి. ఇంకొన్ని వారాల్లో మీ జిల్లా పేజీలో సైన్సు గ్రూపుల్లో చేరిన పేద విద్యార్థులకు ప్రత్యేక తరగతులు ప్రారంభమయ్యాయని ఫొటోతో సహా వార్తలొస్తాయి. ఫ్లెక్సీ కడతారు, జ్యోతి వెలిగిస్తారు. ఆ క్లాసు ఫిబ్రవరికి ఏమైందో మాత్రం ఎవరూ వెళ్ళి చూడరు, మీ విలేకరితో సహా. కోపం తెచ్చుకోకండి, ఉన్నమాటే రాస్తున్నాను. నేను నెల్లూరు జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు స్టోర్ కీపర్‌గా చేసి రిటైరయ్యాను. కాలేజీ పేరు రాస్తే ఇంకా అక్కడ పనిచేస్తున్నవాళ్ళకు ఇబ్బంది, అందుకే రాయడం లేదు.

ల్యాబులో నా దగ్గర బ్రేకేజీ రిజిస్టర్ ఒకటి ఉండేది. ఏ వస్తువు ఎవరి చేతిలో పగిలింది, ఎంత కట్టించుకున్నాం అని రాసే పుస్తకం. యానాది గిరిజన కాలనీల పిల్లలు, సముద్రం ఒడ్డున మత్స్యకారుల పట్టపుపాలేల నుంచి వచ్చే పిల్లలు, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళ ఆడపిల్లలు, వీళ్ళ పేర్లు అందులో ఎక్కడా కనపడవు. జాగ్రత్త గల పిల్లలని చాలా ఏళ్ళు మెచ్చుకున్నాను కూడా. తర్వాత గమనిస్తే అసలు వాళ్ళు వస్తువును ముట్టుకునేవాళ్ళే కాదు. నలుగురి బ్యాచిలో ప్రిజం సరిచేసేది ఒకరు, రీడింగు చూసేది ఇంకొకరు. వీళ్ళు వెనకాల నిలబడి చెప్పిన అంకె అబ్జర్వేషన్ బుక్కులో ఎక్కించుకుంటారు. ఒకరోజు ఒక పిల్లవాణ్ణి కాంతిని పరీక్షించే స్పెక్ట్రోమీటరు ముందు కూర్చోబెడితే నన్ను అడిగిన మొదటి మాట, "సార్, ఇది పగిలితే ఎంత కట్టాలి?"

ఆ మాట లెక్కల మేడమ్‌కు చెప్పాను. ఆ ఏడాదే ఆమెను ఈ ప్రత్యేక తరగతులకు కోఆర్డినేటర్‌గా వేశారు. ప్రిన్సిపాల్ గారిని ఒప్పించి ఆమె చేయించిన మొదటి పని, మొదటి సెమిస్టర్ అయ్యేదాకా ఎవరి దగ్గరా బ్రేకేజీ వసూలు చేయకపోవడం. రెండు థర్మామీటర్లు, ఒక గాజు ప్రిజం పోయాయి. కాలేజీ ఏమీ మునిగిపోలేదు.

రెండో పని నోటీసు బోర్డు మీద. అంతకుముందు "ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రెమిడియల్ క్లాసులు" అని అంటించేవాళ్ళు. ఆ కాగితం ముందు నిలబడి చదవడానికే పిల్లలు సిగ్గుపడేవాళ్ళు, క్లాసుకు రావడం తర్వాతి సంగతి. మేడమ్ ఆ హెడ్డింగు తీసేయించి, మొదటి టెస్టులో మార్కులు తగ్గినవాళ్ళెవరైనా రావచ్చని రాయించింది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ పిల్లలే, కానీ ఇప్పుడు ఆ గదిలోకి వెళ్ళేవాడి వీపు మీద చీటీ లేదు.

మూడోది బస్సు. ఇలాంటి క్లాసు ఏ కాలేజీలోనైనా సాయంత్రం నాలుగున్నరకే పెడతారు, గదులు అప్పుడే ఖాళీ అవుతాయి గనక. మెట్ట ఊళ్ళకు వెళ్ళే పల్లెవెలుగు ఆ వేళకే కదులుతుంది. ఆ పైన ఆటోలో రమ్మని ఏ తల్లీ ఆడపిల్లకు చెప్పదు. మేడమ్ మధ్యాహ్నం భోజనాల వేళ క్లాసు పెట్టింది. క్యారియర్లు బెంచీల మీదే తెరుచుకునేవి. పచ్చిపులుసు వాసనలో ఇంటెగ్రేషన్ జరిగేది.

ఆమెకు తోడు కెమిస్ట్రీ గెస్ట్ ఫ్యాకల్టీ సారు ఒకాయన. ఆయనకు పీరియడ్ లెక్కన డబ్బులు. ఈ క్లాసు ఆ లెక్కలోకి రాదు, ఊరికే చెప్పేవాడు. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయింది కదా. త్వరణం, ద్రవ్యవేగం బాగా తెలిసిన పిల్ల యాక్సిలరేషన్, మొమెంటం అనేసరికి బిక్కమొహం వేస్తుంది. తెలిసిన సంగతే, పేరు మారేసరికి పరాయిదైపోయింది. ఈయన బోర్డు మీద రెండు పేర్లూ పక్కపక్కన రాసేవాడు.

స్పెక్ట్రోమీటరు పిల్లవాడు క్లాసులో నిద్రపోతున్నాడని అందరూ తిట్టేవాళ్ళు. వాళ్ళ నాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా, రాత్రిళ్ళు వీడూ తోడు వెళ్తాడని ఈ సారు అడిగితే గానీ తెలియలేదు. ఏరేటర్లు ఎందుకు తిప్పుతారురా అని అడిగితే, తెల్లారుజామున నీళ్ళలో గాలి తగ్గి రొయ్య పైకి తేలుతుందన్నాడు. సున్నం ఎందుకు చల్లుతారంటే పీహెచ్ పడిపోతే లేపడానికన్నాడు. వారం తిరక్కుండా వాడి గుంట నీళ్ళు సీసాలో వచ్చి మా ల్యాబు బల్ల మీదికి ఎక్కాయి. యాసిడ్, బేస్ పాఠం మొత్తం ఆ సీసాతోనే జరిగింది. వాడు బ్యూరెట్ పట్టుకున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఈసారి ధర అడగలేదు. బీఎస్సీ పూర్తిచేసి ఇప్పుడు ఒక ఆక్వా ల్యాబులో నీటి పరీక్షలు చేస్తున్నాడు.

మూడో ఏడు వేసవిలో మేడమ్‌కు బదిలీ అయింది. గెస్ట్ సారును ఆ జూన్‌లో మళ్ళీ తీసుకోలేదు. కోఆర్డినేటర్ ఆర్డరు ఇంకొకరి పేరు మీద వచ్చింది. ఆయన మంచివాడే, కానీ అప్పటికే పరీక్షల విభాగం, ఎన్ఎస్ఎస్, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైళ్ళు ఆయన నెత్తి మీదే ఉన్నాయి. క్లాసు మళ్ళీ నాలుగున్నరకు వెళ్ళింది, మేడమ్ దాన్ని మధ్యాహ్నానికి ఎందుకు మార్చిందో ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. పిల్లల ఇళ్ళ ఫోన్ నంబర్లన్నీ మేడమ్ సొంత ఫోన్లో ఉండిపోయాయి. సీతారామపురం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి దసరా సెలవుల తర్వాత రాలేదు. పదిరోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేయడం మేడమ్ అలవాటు. ఆ అమ్మాయి ఇంటికి ఎవరూ ఫోన్ చేయలేదు, నేను కూడా చేయలేదు. సంక్రాంతికి టీసీ కోసం వాళ్ళ అన్న వచ్చినప్పుడు తెలిసింది, పెళ్ళి కుదిరిందని.

ఆ ఏడాది పిల్లల బాగోగులు చూసే లెక్చరర్ల మెంటర్ రిజిస్టర్లో సంతకాలు మాత్రం ఒక్క నెల కూడా తప్పలేదు. న్యాక్ వాళ్ళు ఎంతమంది విద్యార్థులకు ఒక మెంటర్ ఉన్నాడని అడుగుతారు, ఆ నిష్పత్తి చక్కగా సరిపోయింది.

పథకాలు లేవని అనను. సైన్సు చదివేవాళ్ళకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేలు, అమ్మాయిలకు సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి 50 వేలు ఉన్నాయి. అయితే మొదటిది ఇంటర్ మార్కుల్లో పైవరుసలో ఉన్నవాళ్ళకు, రెండోది ఏఐసీటీఈ గుర్తింపున్న డిగ్రీ, డిప్లొమా కోర్సులకు. నవోదయల ద్వారా అమ్మాయిలకు నడిచే విజ్ఞాన జ్యోతి తొమ్మిది నుంచి ఇంటర్ వరకే. డిగ్రీ కాలేజీ గేటు దాటాక మామూలు బీఎస్సీ పిల్లకు దారి చూపాల్సింది ఆ కాలేజీలో పనిచేసే మనిషే. చేరేవాళ్ళకు కొదవలేదు. కేంద్రం చేసిన 2021-22 ఉన్నత విద్య సర్వేలో సైన్స్ కోర్సుల్లో ఉన్న 57.2 లక్షల మందిలో అమ్మాయిలే 29.8 లక్షలు. చేరిన తర్వాత ల్యాబు బల్ల దగ్గర ఎవరు ముందుంటున్నారు, ఎవరు వెనకుంటున్నారు అన్నది ఏ సర్వేలోనూ రాదు.

మన ప్రాంతానికి ఈ బాధ్యత ఇంకొంచెం ఎక్కువని నాకనిపిస్తుంది. రాష్ట్రంలో యానాదులు అన్ని జిల్లాలకంటే ఎక్కువున్నది ఉమ్మడి నెల్లూరు జిల్లాలోనే. 1971 అక్టోబరులో మొదటిసారి రాకెట్, రోహిణి, ఎగిరిన శ్రీహరికోట అంతకుముందు వాళ్ళు తిరిగిన అడవి. (2022లో అది తిరుపతి జిల్లాలోకి పోయింది, మా నోటికి మాత్రం ఆ రాకెట్ కేంద్రం ఇంకా నెల్లూరు షారే.) ఆ దీవి పేరు పేపర్లో పడ్డప్పుడల్లా, ఆ పిల్లలు ఇంకా ల్యాబులో వెనకవరుసలో నిలబడటం నాకు గుర్తొస్తుంది.

కళాశాల విద్య కమిషనర్ గారిని, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వారిని నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని యూజీసీ 2018 నిబంధనల్లో ఉంది. కోఆర్డినేటర్‌గా వేసినవారికి అందులో నాలుగు గంటలు ఈ పని కిందే లెక్కగట్టండి. ఇప్పుడు ఇది అదనపు బాధ్యత. అదనపు బాధ్యత అన్నది ఏ ఆఫీసులోనైనా అన్నిటికంటే చివర చేసే పని. గెస్ట్ ఫ్యాకల్టీ చెప్పే ఈ క్లాసులకు కూడా పీరియడ్ డబ్బులివ్వండి. నంబర్లు, బస్సు వేళలు, ఏ పిల్లకు ఏం ఇబ్బందో రాసిన పుస్తకం మేడమ్ ఫోన్లో కాకుండా కాలేజీ బీరువాలో ఉండాలి. ల్యాబు సిబ్బందిని కూడా ఈ పనిలోకి తీసుకోండి. పిల్లలు లెక్చరర్‌ను అడగలేనివి మమ్మల్ని అడుగుతారు.

వేసవి బదిలీల జాబితాలో కోఆర్డినేటర్ పేరు ఉంటే, కొత్తగా బాధ్యత తీసుకునేవారితో కనీసం పదిహేను రోజులు కలిసి పనిచేసిన తర్వాతే రిలీవ్ చేయండి. స్టోర్ కీపర్‌గా నన్ను రిలీవ్ చేసేముందు ప్రతి లెన్సూ లెక్కపెట్టి, కొత్తాయన చేత సంతకం పెట్టించుకున్నారు. మేడమ్ వెళ్ళేటప్పుడు ఆమె దగ్గరున్న ముప్పైమంది పిల్లలను ఎవరికి అప్పజెప్పారని ఎవరూ అడగలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టోర్ కీపర్,
నెల్లూరు జిల్లా