శనివారం నేను వస్తున్నాను

చిరంజీవి రవికి నాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోనులో చెప్పిన మాటకు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. పక్కనే మీ అమ్మ ఉంది. మర్మావయవం మీద నాలుగు నెలలుగా చిన్న చిన్న బొడిపెలు ఉన్నాయని, నొప్పి గాని దురద గాని లేవని, అవేమిటో తెలియక రోజూ స్నానాలగదిలో సెల్‌ఫోను వెలుగులో చూసుకుంటున్నానని చెప్పడానికి నీ గొంతు ఎంత తడబడిందో నాకు తెలుస్తూనే ఉంది. ఈ ఏడాది వచ్చిన మూడు సంబంధాలనూ నువ్వు ఏదో ఒక వంకతో తిప్పి పంపేస్తుంటే నీ మనసులో ఇంకెవరో ఉన్నారనుకున్నాం గాని, ఇలాంటి దిగులుతో ఒంటరిగా కుమిలిపోతున్నావని ఊహించలేకపోయాం. నాతో చెప్పావు, అదే పదివేలు.

మీ అమ్మకు కూడా తెలియని సంగతి ఒకటి నీకు చెబుతాను. నా పెళ్ళికి రెండు నెలల ముందు నాకూ సరిగ్గా ఇదే భయం పట్టుకుంది. ఆవగింజకన్నా చిన్నవి, లేత పసుపు చుక్కలు, చర్మం సాగదీస్తే స్పష్టంగా కనిపించేవి. ఎవరిని అడగాలో తెలియక, బస్టాండు గోడ మీద రహస్య వ్యాధులకు గ్యారంటీ వైద్యమని రాసి ఉన్న ప్రకటన చూసి, నెలకోసారి లాడ్జీలో దిగే ఒకాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన ఒంటి మీద చూడనైనా చూడకుండా నరాల బలహీనత అని తేల్చి, నలభై రోజులకు పొట్లాలు కట్టి, నా నెలజీతంలో సగం తీసుకున్నాడు. అవి పనిచేయకపోయేసరికి మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు చేతిలో పెట్టారు. రెండు వారాలు రాసేసరికి చర్మం ఎర్రబడి, పలచబడి, నీళ్ళు తగిలితే చాలు భగభగ మండేది. చుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

చివరకు గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళాను. చర్మ, సుఖవ్యాధుల విభాగం అన్న బోర్డు చూడగానే తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని రెండుసార్లు మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగాను. లోపల ఉన్న పెద్దాయన భూతద్దం పెట్టి రెండు నిమిషాలు చూసి, చేతులు కడుక్కుని, నా కింది పెదవిని బయటికి తిప్పి అద్దంలో చూసుకోమన్నారు. అక్కడా అవే చుక్కలు! అవి నూనె గ్రంథులని, పుట్టుకతో వచ్చేవేనని, ఎవరికీ అంటవని, 1896లో వాటిని వర్ణించిన అమెరికా చర్మవైద్యుడి పేరుతో ఫోర్డైస్ చుక్కలంటారని చెప్పారు. మండుతున్నది మాత్రం నేను రాసుకున్న స్టెరాయిడ్ మందు వల్లనేనన్నారు. ఆ రోజు బయటికొచ్చి చెట్టు కింద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

అయితే నాకు ఏమీ కాలేదు గనక నీకూ ఏమీ కాదని నేను అనను. అలా అనడం కూడా చూడకుండా వైద్యం చేయడమే అవుతుంది. లింగం కొన అంచు చుట్టూ ముత్యాల్లా వరుసగా ఉంటే అవి చాలామంది మగవాళ్ళకు సహజంగా ఉండేవే, మందు అక్కర్లేదు. నున్నగా గుండ్రంగా ఉండి నడిమధ్య చిన్న గుంట ఉంటే మొలస్కమ్ అనే వైరస్ కావచ్చు, అది క్షౌరం చేసుకుంటే కత్తి వెంట పాకుతుంది. కాలీఫ్లవర్ పువ్వులా గరుకుగా ఉంటే పులిపిర్లు. వాటిలో నూటికి తొంభై దాకా హెచ్‌.పి.వి. వైరస్‌లోని 6, 11 రకాల వల్ల వచ్చేవే, పైగా సోకిన కొన్ని నెలల తర్వాత కూడా బయటపడతాయి గనక ఎప్పుడు, ఎవరి నుంచి అని తవ్వుకుని లాభం లేదు. రాత్రిళ్ళు దురద పెడితే గజ్జి కూడా అక్కడ గట్టి బొడిపెలుగా మిగిలిపోతుంది. నొప్పి లేకపోవడం మంచి లక్షణమని కూడా అనుకోకు, ఎందుకంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధిలో మొదటి పుండుకు నొప్పి ఉండదు. ఇన్నిటిలో ఏదో నువ్వూ నేనూ ఫోనులో తేల్చలేం. తెలిసిన కన్ను దగ్గరగా చూడాలి, అవసరమైతే సిఫిలిస్ తెలుసుకునే వి.డి.ఆర్.ఎల్., హెచ్‌.ఐ.వి. రక్తపరీక్షలు చేయించాలి, అరుదుగా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి.

అప్పటిదాకా ఆ చోట ఏమీ రాయకు. పులిపిర్లకని మన ఊళ్ళలో సున్నం పెట్టడం, గుర్రపు వెంట్రుకతో కట్టడం నువ్వూ చూశావు; షాపుల్లో దొరికే పులిపిరి మందులో ఉండే ఆసిడ్ కూడా ఆ సున్నితమైన చర్మానికి పనికిరాదు. గిల్లకు, చిదమకు, క్షౌరం చేయకు. బోర్డు మీద ఎం.డి. పక్కన డి.వి.ఎల్. అని ఉన్న డాక్టరునే చూద్దాం. మన దేశంలో చర్మరోగాలు, సుఖవ్యాధులు, కుష్ఠు ఒకే చదువు కింద వస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకని ఉండే సురక్షా క్లినిక్కులు ఉచితంగా చూస్తాయి, వివరాలు బయటికి పొక్కవు. ఇప్పుడే ఏదైనా అడగాలనిపిస్తే ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చెయ్యి, డబ్బులు పడవు.

డాక్టరు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఎవరితోనైనా సంబంధం ఉందా, ఎప్పుడు, కండోము వాడావా అని. దాచకుండా చెప్పు. ఆ జవాబులు నాకు అక్కర్లేదు, నేను ఎప్పటికీ అడగను. నీకు ఇరవై అయిదేళ్ళు, నీ జీవితం నీది. ఒకవేళ అంటుకునే జబ్బు అని తేలితే మాత్రం అవతలి మనిషికి కూడా చెప్పి చూపించుకోమనాలి, ఆ మాట చెప్పడం నీకు కష్టమైతే ఎలా చెప్పాలో డాక్టరునే అడుగుదాం. హెచ్‌.పి.వి. టీకా గురించి కూడా అడుగుదాం. ఉన్న పులిపిర్లను అది పోగొట్టదు గాని, మన దేశంలో తయారయ్యే సెర్వావాక్ అనే ఆ టీకాకు 2022లో మగపిల్లలకు కూడా 26 ఏళ్ళ వరకు అనుమతి వచ్చింది, నీకు ఇంకా వయసుంది.

సంబంధాల సంగతి కొన్నాళ్ళు ఎత్తవద్దని అమ్మతో అన్నాను. ఎందుకని అడిగింది, ఆఫీసులో పని ఒత్తిడి అన్నాను. నిజం చెప్పాలో లేదో, ఎప్పుడు చెప్పాలో నీ ఇష్టం.

శుక్రవారం రాత్రి బస్సుకు బయలుదేరి శనివారం తెల్లవారేసరికి హైదరాబాదులో దిగుతాను. పదింటికి ఓపీకి వెళదాం. నువ్వు లోపలికి వెళ్ళు, నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. నువ్వు రమ్మంటే లోపలికి వస్తాను, వద్దంటే అక్కడే ఉంటాను. అమ్మ నీకని సున్నుండలు చుడుతోంది, అవి తెస్తున్నాను.

ఇట్లు,
మీ నాన్న