గుంటుపల్లి కొండ దాకా ఒక్క బస్సు

సంపాదకుడికి,

ఆర్యా,

పోయిన ఆదివారం నేనొక్కదాన్నే ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి బౌద్ధ గుహలు చూసి వచ్చాను. కారు లేనివాళ్లు అక్కడికి వెళ్లి రావడం ఎంత కష్టమో చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

విజయవాడ బస్టాండులో గుంటుపల్లి అని అడిగితే అందరూ ఇబ్రహీంపట్నం వైపు వెళ్లమన్నారు. వ్యాగన్ వర్క్‌షాపు ఉన్న గుంటుపల్లి అది. నేను వెళ్లాల్సింది జీలకర్రగూడెం పక్కనున్నది. ఏలూరు వెళ్లి కామవరపుకోట పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ జీరో టికెట్టు కొట్టి ఇచ్చింది. అసలు తంటా కామవరపుకోటలో దిగాక మొదలైంది. అక్కడి నుంచి కొండకు ఇంకా పది కిలోమీటర్ల దాకా ఉంటుంది. అటు బస్సు ఎప్పుడుందో చెప్పే బోర్డు లేదు, అడిగితే తలా ఒక మాట చెప్పారు. గంటసేపు చూసి, చివరికి ఆటో మాట్లాడుకున్నాను.

కొండ మీద చూసినది మాత్రం జన్మకు మరిచిపోను. బౌద్ధులు స్తూపాన్ని కొలుచుకున్న గుండ్రటి చైత్యగుహలోకి అడుగుపెట్టి తల పైకెత్తితే రాతి కప్పుకు వాసాలు కనిపించాయి! కొయ్య ఇంటికి వాసాలు ఎలా పేరుస్తారో అచ్చం అలాగే, కొండను తొలిచి రాతిలోనే తీర్చారు. మధ్యలో స్తూపం, చుట్టూ తిరగడానికి సన్నటి దారి. క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాల నాటి పని ఇది. బీహారులోని బరాబర్ కొండల గుహలతో పోల్చి చెబుతారు దీన్ని. ఆ స్తూపాన్నే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. బౌద్ధం వెళ్లిపోయినా ఆ చోటు మీద జనానికి భక్తి పోలేదన్నమాట. కాస్త అవతల భిక్షువులు ఉన్న రాతి విహారాలు, ఇటుక చైత్యం పునాదులు, మొక్కుబడి స్తూపాలు వరసగా ఉన్నాయి. మహామేఘవాహన వంశపు రాజు సిరి సద దగ్గర లేఖకుడిగా పనిచేసిన చుళ గోమ ఇక్కడ మండపం దానం చేశాడని శాసనం చెబుతోంది. రాజు కాదు, రాతపని చేసుకునే ఒక ఉద్యోగి ఇచ్చిన దానమది. నేనూ ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసినదాన్నే. ఆ మాట తలచుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

సాయంత్రం కొండ దిగేసరికి, వస్తానన్న ఆటో రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. పొద్దు వాలుతోంది, రోడ్డు మీద మనిషి జాడ లేదు. భయం వేసింది. ఇంతలో పొలం నుంచి వస్తున్న భార్యాభర్తలు ట్రాక్టరు ఆపారు. ఆవిడ గోనెసంచి మడతపెట్టి వేసి, "కూచో అక్కా, కోటలో దింపుతాం" అంది. వాళ్లు రాకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. నాలాంటివాళ్లు ఒంటరిగా ఊళ్లు చూడటానికి బయల్దేరుతున్నది అందువల్లే. తీరా వెళ్తే చివరి పది కిలోమీటర్లకు ఆటో కిరాయి వందల్లో పోయాలి. గుంటుపల్లికి జనం రారు, బస్సు వేస్తే నష్టం అంటారేమో. కొత్త బస్సు అక్కర్లేదు. కామవరపుకోట దాకా వచ్చే బస్సుల్లో ఒకదాన్ని ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి కొండ కింది దాకా పొడిగిస్తే చాలు. జీలకర్రగూడెం వాళ్లకూ పనికొస్తుంది. ఏలూరు, కామవరపుకోట బస్టాండుల్లోనూ కొండ కిందా ఆ వేళలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. ముఖ్యంగా ఆఖరి బస్సు ఎన్నింటికో తెలియాలి.

దసరా సెలవుల్లో మా అపార్టుమెంటులోని పదో తరగతి ఆడపిల్లలు నలుగురు నాతో వస్తామంటున్నారు. ఆలోపు ఆ ట్రిప్పు వేయించమని అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ