వెబ్‌సైట్‌కీ మీటరు తిరుగుతుంది

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదో తరగతి పిల్లల కోసం పాత ప్రశ్నపత్రాలు స్కాన్ చేసి ఒక చిన్న వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతుంటాను. మొన్న మార్చిలో సరిగ్గా లెక్కల పరీక్షకు రెండు రోజుల ముందు సైట్ ఆగిపోయింది. తెరిస్తే 509, బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఎక్సీడెడ్ అని వస్తోంది, అంటే సైట్ నుంచి నెలకు ఇంత డేటానే దిగాలన్న పరిమితి దాటిపోయిందని. సార్, పేపర్లు రావట్లేదని పిల్లల నుంచి ఒకటే ఫోన్లు, నాకేమో టెన్షన్. సైట్‌ను తమ కంప్యూటర్లలో ఉంచి నడిపే హోస్టింగ్ కంపెనీని అడిగితే మీ నెల కోటా అయిపోయింది, పెద్ద ప్లాన్‌కి డబ్బు కడితే వెంటనే తెరుస్తాం అన్నారు. కట్టాను.

పరీక్షలయ్యాక కూర్చుని లెక్క చూశాను. మాది నెలకు 10 జీబీ ప్లాన్. కలర్‌లో స్కాన్ చేయడం వల్ల ఒక్కో పేపరు 18 ఎంబీ ఉంది, అంటే 600 సార్లు కూడా డౌన్‌లోడ్ కాకుండానే కోటా ఖాళీ! అదే పేపరు బ్లాక్ అండ్ వైట్‌లో చేస్తే ఒకటిన్నర ఎంబీలోపే వచ్చింది. పిల్లలు ప్రింట్ తీసుకునేది ఎలాగూ నలుపులోనే కదా.

ఇంకో సంగతి తెలిసి నిజంగా బాధేసింది. సైట్ సెట్టింగులన్నీ ఉండే కంట్రోల్ ప్యానెల్లో ఏడబ్ల్యూస్టాట్స్ అని ఒకటుంటుంది, ఏ ఫైలు ఎన్నిసార్లు దిగింది, ఎవరు ఎన్ని ఎంబీలు లాగారు అన్నీ అందులో కనిపిస్తాయి. మా కోటాలో దాదాపు సగం పిల్లలు వాడింది కాదు, రాత్రీ పగలూ వాటంతటవే సైట్లు తోడుకుపోయే బాట్లు అనే ప్రోగ్రాములు వాడింది. పైగా ఇంకెవరో తమ సైట్‌లో మా ఫైళ్లకు నేరుగా లింకులు పెట్టుకున్నారు, వాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లు నొక్కినా ఖర్చయ్యేది మా కోటానే. దీన్ని ఆపడానికి హాట్‌లింక్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్ ప్యానెల్లోనే ఉంది, అందులో మన ఫైళ్ల రకం కూడా చేర్చి ఆన్ చేస్తే చాలు. బాట్లతో అంత సులువు కాదు, వాటి కోసం సైట్‌లో పెట్టే రోబోట్స్ ఫైల్లో రావద్దని రాస్తే మర్యాద ఉన్నవి ఆగుతాయి, మిగతావి ఆగవు. వికీపీడియాను నడిపే వికీమీడియా అంతటి సంస్థే, 2024 జనవరి నుంచి ఫొటోలు, వీడియోల డౌన్‌లోడ్ల భారం 50 శాతం పెరిగిందనీ, ప్రధాన కారణం ఈ బాట్లేననీ 2025 ఏప్రిల్‌లో చెప్పింది.

మొబైల్ డేటా అయిపోవస్తుంటే మనకు మెసేజ్ వస్తుంది. హోస్టింగ్ కంపెనీలు కూడా 80 శాతం దాటగానే ఈమెయిల్‌తో సరిపెట్టకుండా ఫోన్‌కి మెసేజ్ ఇవ్వాలి. అన్‌లిమిటెడ్ అని పెద్దక్షరాల్లో వేసి షరతులు ఎక్కడో కింద పెట్టడం కూడా మానాలి.

నాలాగా పేపర్లు పెట్టే టీచర్లు చాలామంది ఉన్నారు. ఫిబ్రవరి నుంచే వారానికోసారి ఆ ప్యానెల్ తెరిచి చూడండి. నెల సగం కాకుండానే సగం కోటా అయిపోతే, ముందు అన్నిటికంటే ఎక్కువ ఎంబీలు తింటున్న ఫైలు ఏదో వెతికి పట్టుకోండి.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్, ప్రకాశం జిల్లా